గంటమ్మ గీసిన గీత

మళ్ళీ ఎడమవైపుకే ఒరిగింది విమానం. మళ్ళీ అదే మబ్బు, అదే రెక్క, రెక్క చివర అదే ఎర్రదీపం. గానుగెద్దుకైనా మధ్యలో కాస్త మేత వేస్తారు, ఈ తిరుగుడికి అదీ లేదు, ఇందాకటి కాఫీ కప్పులు కూడా ఎత్తుకుపోయారు, ఇంకెంతసేపురా నాయనా అని పళ్ళు కొరికింది ప్రొఫెసర్, కొరికిన మరుక్షణం తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది, ఎందుకంటే దీన్ని తిప్పుతున్నది పైలట్ కాదు, మబ్బూ కాదు, ఆ సంగతి ఈ విమానం మొత్తంలో తనొక్కదానికే తెలుసు. కెప్టెన్ మాత్రం ఇస్త్రీ చేసిన గొంతుతో చెప్పాడు, కింద మబ్బు బాగా దిగిపోయిందట, రన్‌వేకి దారి చూపించే ఉపగ్రహ సంకేతాల మీద హెచ్చరిక ఉందట, అది తీసేదాకా పైనే ఉంటాం, దయచేసి సహకరించండి అని. హెచ్చరిక అట. దాన్ని కని పెంచింది తను. ల్యాబులో పిల్లలు దాన్ని గంట అంటారు, దాన్ని పెట్టినందుకు తనను గంటమ్మ అంటారు, వెనకాల అంటున్నాం కదా వినపడదనుకుంటారు వెధవలు, శుభ్రంగా వినపడుతుంది. ఆ గంటని వదులు చెయ్యడానికి ఈ సాయంత్రమే, ఈ మబ్బు కిందున్న విమానాశ్రయంలోనే, ఆఫీసు మేడ మీద కమిటీ కూర్చుంది. వద్దని అడ్డం పడే మనిషి ఆ కమిటీలో తనొక్కతే. ఆ ఒక్క మనిషినీ తన గంటే దిగనివ్వడం లేదు. ఇదే ఇంకొకరికి జరిగుంటే పడీపడీ నవ్వేది.

ఎంతమందికి చెప్పింది, ఎన్ని తరగతుల్లో చెప్పింది, సుద్దముక్కలు అరిగిపోయి బోర్డులు మారిపోయి ఇప్పుడు తెర మీద బొమ్మలు కూడా వచ్చాయి, చెప్పిన మాట మాత్రం మారలేదు. ఉపగ్రహం నువ్వెక్కడున్నావో నీకు చెప్పదర్రా, టైమెంతయిందో చెబుతుంది, అంతే. పైనుంచి నాలుగైదు గడియారాలు ఒక్కసారే అరుస్తుంటే, ఏ అరుపు ఎంత ఆలస్యంగా నీ చెవిన పడిందో చూసుకుని, నువ్వెక్కడున్నావో నువ్వే లెక్క కట్టుకోవాలి. దారిలో ఆ అరుపుకి ఏదైనా అడ్డం తగిలిందనుకో, నీ లెక్క తప్పుతుంది, తప్పిందని నీకు తెలియదు, ధీమాగా పోయి పొలంలో దిగుతావు. అందుకే రన్‌వే పక్కన ఒక యాంటెన్నా పాతుతాం, అదెక్కడుందో అంగుళంతో సహా మనకి ముందే తెలుసు, అది కూడా అవే అరుపులు విని లెక్క కడుతుంది, ఎంత తేడా వస్తోందో విమానానికి చెబుతుంది, విమానం ఆ తేడా సరిచేసుకుని దిగుతుంది. అయితే ఆ తేడా మీదే అనుమానం వస్తే? ఆ అనుమానం ఎంతవరకూ ఫరవాలేదు, ఎక్కడ దాటితే ప్రాణం మీదికొస్తుంది? అక్కడ ఒక గీత గీశాను. అనుమానం ఆ గీత దాటితే గంట కొట్టేస్తుంది, నన్ను నమ్మకండి అని. సగం జీవితం పోసింది తను ఆ గీత ఎక్కడుండాలో తేల్చడానికి. దాన్నిప్పుడు కాస్త జరుపుతారట. కాస్తే మేడమ్, అన్నాడు తన పాత శిష్యుడు తొందరయ్య మొన్న ఫోన్లో, బస్సులో సీటు జరగమన్నట్టు. 

ఎందుకు జరపాలిట? మాటిమాటికీ మోగుతోందట, విమానాలు ఆలస్యమవుతున్నాయట, ప్రయాణికులు తిడుతున్నారట. మోగదా మరి? యాంటెన్నా చుట్టూ ఏదీ ఉండకూడదురా అని నెత్తీ నోరూ బాదుకుంటే కంచె వేశారు, సరే, సంతోషం, తర్వాత తనిఖీకి వచ్చే పెద్దమనుషుల కార్లు ఎండలో మాడిపోతున్నాయని ఆ కంచెకి ఆనించి రేకుల షెడ్డు కట్టారు! ఎవరైనా కడతారా? చదువుకున్నవాళ్ళు కడతారా? రేకు మీద పడ్డ అరుపు గోడకి కొట్టిన బంతిలా ఎగిరొచ్చి యాంటెన్నా చెవిన రెండోసారి పడుతుంది, దానికి పిచ్చెక్కుతుంది, లెక్క చెడుతుంది, గంట మోగుతుంది. షెడ్డు తీసెయ్యండి అంటే, తీస్తాం తీస్తాం అంటూ దానికి రంగు కూడా వేశారు. షెడ్డు జరపడం కంటే గీత జరపడం తేలిక కాబోలు. షెడ్డుకి కాంట్రాక్టరున్నాడు, ప్రారంభోత్సవం చేసిన పెద్దమనిషున్నాడు, పేరు చెక్కిన రాయి ఉంది. గీతకేముంది, అది గంటమ్మ గీసింది, ఎటైనా జరపొచ్చు. అది చాలదన్నట్టు పాత పరికరం, మబ్బులో దారి చూపించే ఆ పాతకాలపు రేడియో కిరణం, నమ్మకమైన ముసలిది, దాన్ని పోయినేడాది పీకేశారు, ఉపగ్రహాలున్నాయిగా రెండూ ఎందుకు దండగ అని. రెండూ ఉండాలని తను గొంతు చించుకుంది. పెద్దావిడ చాదస్తం అన్నారు, మొహం మీదే అన్నారు.

"ఈ పైలట్‌కి చేతకాకపోతే ఇంట్లో కూర్చోమనండి!" అని వెనక సీట్లో కోటు వేసుకున్నాయన కేకలేస్తున్నాడు. ఎయిర్ హోస్టెస్ వచ్చి ఆయనకి నీళ్ళిచ్చి, వెళ్తూ వెళ్తూ ప్రొఫెసర్ వైపు వంగి, "మేడమ్, ఫోను అద్దానికి ఆనించకండి, లోపల పెట్టేయండి ప్లీజ్" అంది. "ఫ్లైట్ మోడ్‌లోనే ఉందమ్మా" అంది తను, కాస్త కటువుగానే. పక్క సీట్లో ఉన్నాయన, పొడుగ్గా, సన్నగా, మోకాళ్ళు ముందు సీటుకి తగులుతుంటే ముడుచుక్కూర్చున్నాయన, నెమ్మదిగా నవ్వాడు. "ఫొటో బాగా రావాలంటే మబ్బు దాటాక తియ్యాలమ్మా" అన్నాడు. ఆయన దర్జీ. ఎక్కగానే చెప్పాడు, తన జాకెట్టు భుజం చూసి చెప్పాడు, ఎవరు కుట్టారో గానీ ఈ చెయ్యి పైకెత్తితే పట్టేస్తుందమ్మా అని. నిజమే, పట్టేస్తుంది, ఎన్నాళ్ళనుంచో పట్టేస్తోంది, బోర్డు మీద పైన రాయాల్సి వచ్చినప్పుడల్లా ప్రాణం తీస్తుంది. కిటికీ సీటు ఆయనది, తను మొహమాటపడుతూ అడిగితే లేచి ఇచ్చేశాడు. తను ఫొటో తియ్యడం లేదు. తన ఫోన్లో ఉపగ్రహాలన్నీ గీతలుగీతలుగా కనిపించే బొమ్మ ఒకటుంది, ఏ ఉపగ్రహం గొంతు ఎంత గట్టిగా వినపడుతోందో చూపిస్తుంది. సూర్యాస్తమయం తర్వాత పై గాలిపొర ఒక్కోసారి మరిగే పాలలా పొంగుతుంది, అప్పుడు ఆ గీతలు తాగినవాళ్ళలా ఊగుతాయి. ఇవి ఊగడం లేదు. బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడ్డాయి ఒక్కొక్కటీ. అంటే ఆకాశంలో ఏ గోలా లేదు. మరి గంటెందుకు మోగుతోంది? ఊరికేనా? అయితే తొందరయ్య చెప్పిందే నిజమా? ఫోను తుడిచి మళ్ళీ చూసింది, అవే గీతలు.

తొందరయ్య అని పేరు పెట్టింది తనే. పరీక్షలో అందరూ రెండో ప్రశ్నలో ఉండగానే లేచి పేపరిచ్చి వెళ్ళిపోయేవాడు, సగం తప్పులు, అయినా ఆ మిగతా సగం ఎంత అందంగా ఉండేదని, అందుకే వదల్లేకపోయింది, అందుకే తన దగ్గరే ఉంచుకుని అన్నీ నేర్పింది. ఇప్పుడు వాడు ఈ గంటల్ని నడిపే సంస్థకి డైరెక్టరు. మీటింగుల్లో తనను చూడగానే లేచి నిలబడతాడు, కుర్చీ లాగి వేస్తాడు, మా గురువుగారు అంటాడు, ఆ తర్వాత తను చెప్పిందొక్కటీ చెయ్యడు. ఇంత వినయంగా మాట పెడచెవిన పెట్టేవాణ్ణి తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వీడే నయమేమో, అప్పట్లో ల్యాబుని ఏలిన పెద్దాయనతో పోలిస్తే. పెద్దాయన వినయం కూడా చూపించేవాడు కాదు. కొత్తగా చేరిన రోజుల్లో ల్యాబు మొత్తానికి తనొక్కతే ఆడది, పెద్దాయన గదిలోకి రమ్మని పిలిస్తే కాగితాలు పట్టుకుని పరిగెత్తింది, తీరా చూస్తే అతిథులొచ్చారమ్మా, టీ చెప్పి రా అన్నాడు. చెప్పి వచ్చింది. ఆ టీ ఇప్పటికీ అరగలేదు. మా అమ్మాయి లెక్కల్లో దిట్ట అని ఆ అతిథులకి చూపించాడు, దుకాణంలో కొత్త సరుకు చూపించినట్టు. ఆయనకి కావలసిందల్లా ఒకటే, ఎంత దగ్గరగా చెప్పగలిగాం, మూరెడా, జానెడా, ఎందుకంటే అది పత్రికల్లోకి ఎక్కుతుంది. ఎంత దగ్గరగా చెప్పామన్నది కాదండీ, చెప్పలేనప్పుడు చెప్పలేనని ఒప్పుకుంటోందా లేదా, అది చూడాలండీ అని తను అంటే, ఒప్పుకునే యంత్రాన్ని ఎవరు కొంటారమ్మా అని పగలబడి నవ్వాడు. గదిలో మిగతావాళ్ళూ నవ్వారు. వాళ్ళ పళ్ళు కూడా గుర్తున్నాయి తనకి.

ఆ నవ్వు అయిన కొన్నాళ్ళకే, ల్యాబు తయారుచేసిన పెట్టె బిగించి పరీక్షకి ఎగరేసిన చిన్న విమానం పడింది. టెస్ట్ పైలట్ ఎక్కడం, మేఘంలోంచి దిగడం, రన్‌వే ఉండాల్సిన చోట చెరుకు తోట. పెట్టెలో అంకెలన్నీ సలక్షణంగా ఉన్నాయి, పచ్చ దీపం వెలుగుతూనే ఉంది, పడ్డాక కూడా వెలుగుతూనే ఉందట. పైలట్‌ని ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్ళింది తను, పెద్దాయన రాలేదు, పూలు పంపించాడు. దుప్పటి ఒకవైపు మోకాలి దగ్గరే చదునైపోయి ఉంది. పైలట్ కళ్ళు తెరిచి తనను గుర్తుపట్టి, "తప్పు చెప్పినందుకు కాదు తల్లీ, అందరం తప్పు చెబుతాం. నవ్వుతూ చెప్పింది చూడు, దానికి నాకు మంట" అన్నాడు. తను ఏడవలేదు. వరండాలోకి వచ్చి గోడకేసి చెయ్యి గుద్దుకుంది, వేళ్ళు వాచిపోయాయి, ఆ వాచిన వేళ్ళతోనే ఆ వారం మొదటి లెక్క రాసింది. ప్రేమతో పుట్టింది కాదు ఆ గంట, విజ్ఞానశాస్త్రం మీద భక్తితో పుట్టింది కాదు, కోపంతో పుట్టింది, పచ్చి కోపంతో. తీరా అది పనిచేశాక, దేశదేశాలవాళ్ళు వచ్చి చూసి భేష్ అన్నాక, సంస్థ ఒక పెద్ద పుస్తకం అచ్చేసింది. జానెడు దూరం అధ్యాయంలో పెద్దాయన ఫొటో, పెద్దాయన పేరు, పెద్దాయన చిన్నతనంలో పుస్తకాలు చదివిన అరుగు. గంట అధ్యాయంలో, కమిటీ నిర్ణయించింది, కమిటీ రూపొందించింది, కమిటీ పరీక్షించింది. వెళ్ళి అడిగింది. సైన్సులో నేను అనే మాట ఉండదమ్మా, మనం అనే మాటే ఉంటుంది అన్నాడాయన, శాలువా సర్దుకుంటూ. ఆ శాలువా ఆయన ఒక్కడి భుజాల మీదే ఉంది. 

ఇంట్లో మాత్రం ఏం తక్కువ తిన్నారు. కూతురు ఒక అబ్బాయిని తీసుకొచ్చి పరిచయం చేసింది, మంచివాడే, గడ్డం కూడా పొందిగ్గా ఉంది, తను నాలుగు ప్రశ్నలడిగింది, అంతే, నాలుగంటే నాలుగు కాదేమో, కాస్త ఎక్కువే అడిగిందేమో, నీకు కోపమొస్తే ఏం చేస్తావు బాబూ అని కూడా అడిగింది. ఆ అబ్బాయి వెళ్ళాక కూతురు తలుపు ధడాలున వేసి, "నీతో బతకడం ఎలా ఉంటుందో తెలుసా అమ్మా? నేను ఏం చెప్పినా ముందు అనుమానం, తర్వాత అన్నం!" అని అరిచింది. ఆయన పేపరు వెనక నవ్వాడు. మొగుడు నవ్వడం కంటే మంట పుట్టించేది లోకంలో ఇంకోటి లేదు. నమ్మకం లేక అడుగుతానటే పిచ్చిమొహమా, నమ్మాలని అడుగుతాను, గట్టిగా నమ్మాలని, ఒకసారి నమ్మాక మళ్ళీ వెనక్కి చూడక్కర్లేకుండా ఉండాలని. ఇది ఒక్కళ్ళకి అర్థమైతే ఒట్టు. వాళ్ళ పెళ్ళయింది, బాగానే ఉన్నారు, అల్లుడికి కోపమొస్తే గిన్నెలు తోముతాడు. తనకి మాత్రం ఆ పేరు ఉండిపోయింది, అనుమానప్పక్షి అని. బయట గంటమ్మ, ఇంట్లో అనుమానప్పక్షి, బిరుదులకేం లోటు లేదు.

"అమ్మా, ఇంకా చాలాసేపు పడుతుందంటారా?" దర్జీ అడిగాడు. అడిగిన తీరు చూసి తను ఫోను ఒళ్ళో పెట్టుకుంది. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి, చేతులు మాత్రం ఒకదాన్నొకటి పిసుకుతున్నాయి. "మా తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడమ్మా. గుండె. ఈ ఊళ్ళోనే. రాత్రి గడవడం కష్టమన్నారు. మరదలు పొద్దున ఫోన్ చేసింది. మేం మాట్లాడుకోమమ్మా. చాన్నాళ్ళయింది మానేసి." ఏదో పెద్ద గొడవ అయ్యుంటుందనుకుంది. "నాన్న కుట్టుమిషను గురించి" అన్నాడాయన సిగ్గుపడుతూ. "పాత నల్ల మిషను. వాడికే ఇద్దామనుకున్నా. వాడు అడక్కుండానే నేను ఇవ్వనని తీర్మానించుకుని అలిగి వెళ్ళిపోయాడు. అడిగితేనే ఇద్దామని నేనూ బిగదీసుక్కూర్చున్నా." అని కిటికీలోంచి కిందికి చూశాడు, మబ్బు తప్ప ఏమీ లేదు, "ఈ కిందే ఎక్కడో ఉంటాడు కదమ్మా" అన్నాడు. ఉంటాడు. సరిగ్గా ఈ కిందే. తను ఎక్కడున్నదీ అంగుళంతో సహా చెప్పగలదు తను, ఆయన తమ్ముడున్న మంచం ఎంత దూరమో కూడా చెప్పగలదు, ఏం లాభం. 

ఇంతమంది మీద ఉన్న కోపం ఒక్కసారిగా గంట మీదికి తిరిగింది. మోగింది చాలు, నోరు మూసుకోవే. ఆకాశం ఎంత ప్రశాంతంగా ఉందో ఈ ఫోన్లో కనిపిస్తోంది కదా, ఈ ఒక్కసారికి ఊరుకోలేవూ? నిజంగానే గీత మరీ లోపలికి గీశానా? ఆ చెరుకు తోట చూసిన కళ్ళతో గీశాను కాబట్టి భయంతో గీశానా, కోపంతో గీశానా, కొలిచి గీశానా? కాస్త జరిపితే ఈపాటికి దిగిపోయేవాళ్ళం, ఈ మనిషి తమ్ముడి చెయ్యి పట్టుకుని ఉండేవాడు. ఫోను మళ్ళీ అద్దానికి ఆనించింది. గీతలు కదల్లేదు. ఇక్కడ బాగుంది. ఇక్కడ బాగుంటే? నేనున్నది ఇక్కడ, యాంటెన్నా ఉన్నది అక్కడ, అక్కడేం జరుగుతోందో నాకేం తెలుసు? ఈ మాటే కదే పిల్లలకి చెప్పి చెప్పి చంపావు, నీ దాకా వచ్చేసరికి ఫోనులో బొమ్మ చూసి తీర్పు చెప్పేస్తావా, సిగ్గులేదూ! అని తనను తనే తిట్టుకుంది. తిట్టుకుంటుండగానే ఇంజిన్ల శబ్దం మారింది, విమానం ఈసారి కుడివైపుకి ఒరిగింది, ఇస్త్రీ గొంతు మళ్ళీ వచ్చింది, ఇంధనం దృష్ట్యా వేరే విమానాశ్రయానికి వెళ్తున్నాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. అక్కడి నుంచి ఈ ఊరికి రోడ్డు మీద సగం రాత్రి ప్రయాణం. కోటాయన నిలబడి అందరికీ వినపడేలా కేసు వేస్తానన్నాడు. దర్జీ కళ్ళు మూసుకున్నాడు. ఆయన అరిచినా బాగుండేది.

దిగారు. చిన్న విమానాశ్రయం, దీపాలు సగం ఆర్పేసి ఉన్న హాలు, కుర్చీలు చాలక జనం సామాన్ల మీదే కూర్చున్నారు, ఫోన్లన్నీ ఒక్కసారిగా ప్రాణాలొచ్చి మోగడం మొదలుపెట్టాయి. ముందు దర్జీది మోగింది. మరదలి గొంతు పక్కనున్న తనకీ వినపడుతోంది. "ఉన్నారు బావగారూ. కళ్ళు తెరవట్లేదు. ఫోను చెవి దగ్గర పెడతాను, ఏదైనా మాట్లాడండి, వినపడుతుందంటున్నారు డాక్టరు." దర్జీ ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి, మొహం పాలిపోయి, తన వైపు తిరిగాడు. "ఏం మాట్లాడనమ్మా? నోరు రావట్లేదు."

"కోపం పోయిందా?"

"పోలేదమ్మా."

"అయితే తిట్టండి."

ఆయన గోడవైపు తిరిగి, ముందు మెల్లగా, "ఒరేయ్" అన్నాడు, మళ్ళీ "ఒరేయ్!" అన్నాడు, ఈసారి హాలంతా తిరిగి చూసింది. "మిషను నీకే రా గాడిదా! నూనె వేసి గుడ్డ కప్పి ఉంచాను, ఎవరి కోసమనుకున్నావురా? నోరు తెరిచి అడగడానికేం రోగం? నేనొచ్చేదాకా కదిలావంటే తోలు తీస్తాను, చెప్తున్నా! ఊపిరి తీసుకో. తీసుకోరా!" అంటూ కళ్ళ నీళ్ళు ధారగా కారుతుంటే తిడుతూనే ఉన్నాడు, చిన్నప్పటి నుంచి బాకీ ఉన్నవన్నీ తిడుతున్నట్టున్నాడు, తను అది వింటూ, తడుముకుంటూ, ఎప్పటినుంచో మోగుతున్న తన ఫోను ఎత్తింది.

"మేడమ్! క్షేమంగా దిగారా? అయ్యో, అంత దూరమా! స్పీకర్లో పెట్టాను మేడమ్, కమిటీ అంతా మీకోసమే కూర్చునుంది" అన్నాడు తొందరయ్య. "మీరే స్వయంగా అనుభవించారు కదా. ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి? ఒక్కసారి సరే అనండి, మేం ముగించేస్తాం, మీరు రెస్టు తీసుకోండి."

"మీరందరూ వచ్చిన కార్లు ఎక్కడ పెట్టారు?" 

"కార్లా మేడమ్?"

"కార్లు. వ్యాన్లు. మిమ్మల్ని మోసుకొచ్చినవి."

అవతల ఎవరో దగ్గారు. "వాన పడుతోందని... షెడ్డులోనే మేడమ్. పట్టనివి కంచె పక్కన."

అరికాలి మంట నెత్తికెక్కింది. "మనిషిని పంపి తీయించు. అన్నీ. నేను లైన్లోనే ఉంటాను." ఉంది. చెవిలో కుర్చీల చప్పుడు, ఎవరో పరిగెత్తడం, ఎవరో గుసగుసలాడటం. ఎదురుగా దర్జీ, ఆ మిషను సూది విరగ్గొట్టి నా మీద చెప్పిందెవరురా అని గోడనడుగుతున్నాడు. చాలాసేపటికి తొందరయ్య గొంతు వచ్చింది, ఆ గొంతులో డైరెక్టరు లేడు, పరీక్షలో తప్పు దొరికిన కుర్రాడున్నాడు. "ఆగింది మేడమ్. గంట." వాడు వాడే కదా, మళ్ళీ అందుకున్నాడు. "అయినా మేడమ్, నాలుగు కార్ల వల్ల విమానం ఆగిపోవడమంటే... గీత కాస్త వెడల్పుగా ఉంటే అసలీ బాధే..."

"నోరుముయ్యరా!" అంది. అన్ని ఏళ్ళలో వాణ్ణి ఎప్పుడూ అలా అనలేదు. "గంట నిజం చెప్పింది. మీ కార్లు లెక్కని నిజంగానే చెడగొట్టాయి, ఆ చెడిన లెక్క పట్టుకునే మబ్బులోంచి మేమంతా దిగాలి. నాతో పాటు విమానం నిండా మనుషులున్నారు. వాళ్ళకి ఇళ్ళున్నాయి, తమ్ముళ్ళున్నారు. మీకు గీత జరపాలనుంటే జరపండి, నేను లేకపోయినా మెజారిటీ ఉంది. కానీ కమిటీ నిర్ణయించింది అని రాస్తే ఒప్పుకోను. కొత్త గీత పక్కన ఒక్క మనిషి పేరుండాలి. రేపెప్పుడైనా ఒక విమానం తోటలో పడితే, ఈ గీత నాది అని చెప్పడానికి వచ్చే మనిషి. నీ పేరు రాయి. రాసి పైకి చదువు."

అవతల కాగితాలు అటూ ఇటూ జరిగాయి.

"నువ్వు కాకపోతే ఇంకొకరు. అందరూ వింటున్నారుగా. ఒక్క పేరు చెప్పండి చాలు."

హాల్లో ఎవరిదో బిడ్డ ఏడుస్తోంది. ఫోన్లో అంత పెద్ద గదిలో అంతమంది పెద్దమనుషులు ఊపిరి కూడా తీసుకుంటున్నట్టు లేరు. చివరికి ఎవరో పెద్ద వయసు గొంతు, "ముందు ఆ షెడ్డు సంగతి చూద్దాం లెండి" అంది, హమ్మయ్య అన్నట్టు తలా ఒక మాటా కలిపారు. "చూడండి. ఈలోపల ఉన్న గీత పక్కన నా పేరు రాయండి. ఇవాళే, ఇప్పుడే. కమిటీ అన్న మాట కొట్టేసి" అంది తను. రాస్తున్నాను మేడమ్ అన్నాడు తొందరయ్య. ఫోను పెట్టేసింది. గెలిచినట్టేం అనిపించలేదు, ఇన్నేళ్ళు ఇంత చిన్న మాట కోసమా అని ఇంకా మండుతోంది లోపల.

తల తిప్పేసరికి దర్జీ తననే చూస్తున్నాడు. ఎప్పుడు ఫోను పెట్టేశాడో, మొహం తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. "ఇందాకటి నుంచి వింటున్నానమ్మా" అన్నాడు. "ఆ గంటేమిటి? మనల్ని దిగనివ్వలేదే, అదా?"

వాళ్ళ కార్లండీ, అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజమే అది, అబద్ధం కాదు. రేకుల షెడ్డు, ప్రారంభోత్సవాలు, పీకేసిన పాత పరికరం, ఎవరెవరి తప్పులో వేళ్ళు మడిచి మరీ చెప్పొచ్చు, ఈయన నమ్ముతాడు, అయ్యో అని తననే ఓదారుస్తాడు కూడా. ఒక్క పేరు చెప్పండని ఇప్పుడే అంతమందిని నిలదీసిన నోరు ఇది.

"అదే. దాన్ని పెట్టింది నేను. ఇవాళ మిమ్మల్ని మీ తమ్ముడి దగ్గరికి పోనివ్వకుండా ఆపింది నేనే."

"మీరా?"

"నేనే. మళ్ళీ ఇలాంటి సాయంత్రమొస్తే మళ్ళీ ఆపుతాను."

ఆయన మొహంలో ఆ నెమ్మది ఎటు పోయిందో పోయింది. కిటికీ సీటిచ్చిన మనిషి కాడు, జాకెట్టు భుజం చూసి జాలిపడ్డ మనిషి కాడు. పళ్ళు బిగపట్టి దగ్గరికొచ్చాడు. "వాడుండగా నేను చేరకపోతే మిమ్మల్ని జన్మలో వదలనమ్మా."

"వదలకండి" అంది ఆవిడ, ఆయన సంచీ తను అందుకుని, బయట అద్దె కార్లున్న వైపుకి పరుగులాంటి నడక నడుస్తూ.